అచ్యుతరావుగారి పరజ

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే చోట్లు ఎన్ని ఉన్నా, వసుమతి చేత్తో రసీదు రాయించుకోవడానికి మాత్రం జనం మా మెట్లే ఎక్కేవారు. మైత్రీవనం దగ్గరి సందులో మూడో అంతస్తు మాది. కింద జిరాక్సు షాపు, దాని ముందు ఇడ్లీ బండి, మధ్యలో మగపిల్లల హాస్టలు, పైన మా ‘అచ్యుత్ సాఫ్ట్’. నేనక్కడ ఒరాకిల్ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే చెబుతున్నాను. నా పేరు రఘురామ్. ఈ కథలో నాకు పెద్ద పనేమీ లేదు. ఒక సలహా ఇచ్చాను, అది ఎవరూ వినలేదు.

వసుమతిది కైకలూరు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, జావా నేర్చుకుందామని రెండు వేల సంవత్సరంలో హైదరాబాదు వచ్చింది. యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఆమె వచ్చేనాటికి సి ప్లస్ ప్లస్ అని పలకగలిగితే చాలు, ఉద్యోగం అన్నారు. కోర్సు పూర్తయ్యేసరికి కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపిస్తున్నాయి. తోటివాళ్ళు ఊళ్ళకు పోయారు. ఈమె మాత్రం, మార్కెట్టు లేచేదాకా కౌంటర్లో కూర్చోమ్మా అని అచ్యుతరావుగారు అంటే, సరేనని కూర్చుంది. రెండు నెలలని ఆమె అనుకుంది. ఆయనేం అనుకున్నారో ఆయనకే తెలియాలి.

ఆమె రాసిన మొదటి రసీదు ఒక శ్రీకాకుళం కుర్రాడిది. ఎవరికీ ఉద్యోగాలు రాని ఆ రోజుల్లో వాడికి వచ్చింది. రెండోది నల్గొండ అమ్మాయిది. ఆ పిల్లకూ వచ్చింది. వాళ్ళు చదివారు కాబట్టి వచ్చిందని నేనన్నాను. “చదివినవాళ్ళు బోలెడంత మంది ఉన్నారయ్యా, వచ్చినవాళ్ళెక్కడ?” అన్నారు అచ్యుతరావుగారు. అప్పటినుంచి వసుమతికి హస్తవాసి అంటగట్టారు. డాక్టర్లకు ఉండే హస్తవాసి రసీదులు రాసే చేతికి ఎలా వస్తుందని అడిగితే వినేదెవరు? జిల్లాలనుంచి వచ్చే తల్లిదండ్రులు, “ఆ అమ్మాయి లేదా? అయితే రేపొస్తాం” అని మెట్లు దిగిపోయేవారు. ఒకసారి వసుమతి టైఫాయిడ్‌తో పడుకుంటే, కొత్త బ్యాచికి మొదటి రసీదు ఆమే రాయాలని యూసుఫ్‌గూడకు ఆటో పంపించారు. శాలువా కప్పుకుని వచ్చి, ఒక పేరు రాసి, అదే ఆటోలో తిరిగి వెళ్ళింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం నవ్వింది. ఆమె నవ్వితే నాకింకా మండేది.

అచ్యుతరావుగారి సంగతి కూడా చెప్పాలి. గుంటూరు మనిషి. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, ఆ మిషన్లను పాత ఇనుముకు అమ్మేసి కంప్యూటర్లు కొన్నారు. శ్రీనగర్ కాలనీలో ఇల్లు. మంచివారు. వెటకారానికి అనడం లేదు. చెడ్డవాడైతే వసుమతి ఎప్పుడో బయటపడేది. ఆయన భార్య అరుణాదేవిగారు మధ్యాహ్నం పంపే క్యారియర్లో ఒక గిన్నె వసుమతిదే. పండక్కి తమ కూతురితోపాటు ఈమెకూ చీర. జీతం అడక్కుండానే పెంచేవారు. ఏదో ఇంటర్వ్యూ వచ్చింది, వెళ్తానని ఆమె అడిగినప్పుడల్లా ఆయన కాదనేవారు కాదు. పంచాంగం తీసేవారు.

“ఇప్పుడు ఆషాఢమమ్మా. ఈ నెల పోనీ.”

ఆషాఢం పోతే శ్రావణంలో కొత్త బ్యాచిలు. తరవాత భాద్రపదం, శూన్యమాసం. పుష్యం కూడా అంతే. మధ్యలో మూఢం. మంచి రోజులు వచ్చేసరికి ఆ ఇంటర్వ్యూ కాస్తా అయిపోయేది. మనిషి కదలడానికి మన పంచాంగంలో ఇంత తక్కువ చోటు ఉందని నాకు ఆమెను చూశాకే తెలిసింది.

ఇక పరజ.

రెండు వేల మూడులో ఒక సిద్ధాంతి వచ్చి మా అంతస్తంతా కలయదిరిగి, ఈశాన్యం ఎండిపోయిందన్నాడు. అక్కడ నీళ్ళుండాలి, ఆ నీళ్ళలో కదిలే ప్రాణి ఉండాలి. రిసెప్షన్ పక్కన ఈశాన్యం మూల కాస్త డాబా ఖాళీగా ఉండేది. అందులో సిమెంటు తొట్టి కట్టించారు. చేపలు వేస్తే కాకులు తిన్నాయి. బాతును తెమ్మని మా ఆఫీసు పనులు చూసే దస్తగిరిని పాతబస్తీకి పంపారు. అతను బుట్టలో పట్టుకొచ్చింది మామూలు బాతు కాదు. సన్నటి మెడ, గోధుమరంగు ఒంటిమీద అద్దినట్టు మచ్చలు, మొనదేలిన తోక.

“మామూలు బాతులు మస్తు లొల్లి చేస్తయి సార్. గిది సప్పుడు చెయ్యదు,” అన్నాడు దస్తగిరి. “ఎగుర్తదని ఫికర్ పెట్టుకోకుండ్రి. ఒక దిక్కు రెక్క ఈకలు కోసిండ్రు. రెండు కోస్తే ఎట్లనో కొట్టుకుంట లేస్తదంట. ఒకటే కోస్తే పక్కకు పడ్తది.”

వసుమతి కౌంటర్ వదిలి వచ్చి చూసింది. ఆమె ముఖం అలా మారడం అంతకుముందు నేను చూడలేదు.

“ఇది పరజండీ. సూదితోకది, ఆడది. మా కొల్లేట్లో కార్తీకానికి దిగుతాయి. శివరాత్రి దాటాక వెతికినా ఒక్కటి కనబడదు,” అంది.

“ఎక్కడికి పోతాయి?” అన్నాను.

“రష్యా అవతలకంటారు. మా నాన్న అయితే పుట్టింటికి పోతాయనేవాడు.”

అచ్యుతరావుగారికి ఇవేమీ పట్టలేదు. అంత దూరంనుంచి వెతుక్కుంటూ వచ్చిందంటే మనకు అచ్చొచ్చేదే అన్నారు. వెతుక్కుంటూ రాలేదు, వలలో పడి వచ్చిందని నేనన్నా కూడా ఆయన చెవికెక్కలేదు. అదృష్టం ఎలాంటిదో, ఆ ఏడే మార్కెట్టు లేచింది. అమీర్‌పేటంతా లేచింది, ఒక్క మేమే కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న మనిషికి ఎవరు చెప్పగలరు? తొట్టికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టించారు.

పరజకు పళ్ళెంలో పెడితే తినేది కాదు. వడ్లు నీళ్ళలో చల్లితే, తల ముంచి తోక పైకి లేపి అడుగునుంచి ఏరుకునేది. ఆ సంగతి తెలిసింది వసుమతికే కాబట్టి దాని పోషణ ఆమె మీద పడింది. పగలంతా తొట్టి గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి కునికేది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి. గుంపులో అంచున ఉండే పరజలు అలాగే పడుకుంటాయని వసుమతి చెప్పింది. ఇక్కడ గుంపంటూ లేదు కాబట్టి దీనికి ఎటు చూసినా అంచే. పొద్దు వాలాక మెలకువ వచ్చేది. తోక మొదట్లో ఉన్న తైలాన్ని ముక్కుతో తీసి ఈక ఈకకూ పూసుకునేది. ఎక్కడికి వెళ్ళాలని ఇంత సింగారమో అని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

మొదటి శివరాత్రి దాటాక అది రెండు వారాలు తిండి మానేసింది. సాయంత్రమైతే తల పైకీ కిందికీ ఊపుతూ, ఉత్తరంవైపు గోడ దగ్గర అటూ ఇటూ నడిచేది. ఒకటి రెండుసార్లు ఎగరబోయి, దస్తగిరి చెప్పినట్టే పక్కకు పడింది. గోడకు తగిలి ముక్కు పక్కన రక్తం వచ్చింది. వసుమతి పసుపు అద్దింది. తరవాత అది ఊరుకుంది. అది ఊరుకున్న రోజు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందులో దాచేదేమీ లేదు, కౌంటర్లోనే ఏడ్చింది.

ఆ ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మకు బోనాలు పోతున్న రోజుల్లో, పరజ రెక్కలు రాలిపోయాయి. ఒకటో రెండో ఈకలు కాదు. ఎగిరే ఈకలన్నీ కలిసి ఊడి తొట్టి నిండా తేలాయి. రెండు పక్కలా మొండి రెక్కలు మిగిలాయి. అచ్యుతరావుగారికి ముచ్చెమటలు పోశాయి. దిష్టి అన్నారు, తెగులన్నారు. ఎల్లమ్మకు చీర పెడతానని మొక్కుకున్నారు. వసుమతికి కూడా ఏమీ తోచలేదు. తరతరాలుగా పరజలను చూసిన కొల్లేటివాళ్ళకు కూడా ఈ అవతారం తెలియదు. ఎందుకంటే అవి ఇలా మొండివై ఎగరలేని రోజుల్లో మన దేశంలో ఉండవు. అక్కడెక్కడో ఉత్తరాన, రెల్లులో నక్కి ఆ నాలుగు వారాలూ గడుపుతాయి. వసుమతి ఈ సంగతి పంజాగుట్టలో ఒక సైబర్ కేఫ్‌లో కూర్చుని వెతికి చదివింది. ఏటా పాత ఈకలన్నీ ఒక్కసారే రాలిపోయి కొత్తవి వస్తాయట. కోసినవి పోయి, కోయనివి వస్తాయి.

వచ్చి అచ్యుతరావుగారికి సగమే చెప్పింది. “తెగులు కాదు సార్, ఈకలు మారుస్తోంది,” అంది. మళ్ళీ ఎగరగలదన్న మాట చెప్పలేదు. ఎల్లమ్మ చల్లగా చూసిందని ఆయన చీర పెట్టి వచ్చారు. భాద్రపదానికల్లా దానికి రెండు వైపులా నిండు రెక్కలు వచ్చాయి. ముడుచుకుని ఉంటే పాతవాటిలాగే కనిపించేవి. ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి కోస్తే ఎప్పటికీ కోసినట్టే అని అందరి నమ్మకం. పరజకు కూడా అదే నమ్మకం కాబోలు, ఎగరబోలేదు.

ఆ శీతాకాలం వసుమతికి బెంగళూరులో ఒక కంపెనీనుంచి పిలుపు వచ్చింది. రెండేళ్ళుగా ఆమె కౌంటర్ పనితోపాటు పొద్దున్నే మాన్యువల్ టెస్టింగ్ బ్యాచి ఒకటి చెబుతోంది. బాగా చెప్పేది. ఆ అనుభవం చూపించి దరఖాస్తు పెట్టింది. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి రెండు ఇంటర్వ్యూలు దాటింది. ఇక మిగిలింది ఒక్కటే. కంపెనీవాళ్ళు అచ్యుతరావుగారికి ఫోన్ చేస్తారు. ఈ అమ్మాయి మీ దగ్గర టెస్టింగ్ ట్రైనర్‌గా చేసిందా అని అడుగుతారు. ఆయన అవునంటే ఉద్యోగం. అమీర్‌పేటలో చెయ్యని ఉద్యోగాలకు అవునని చెప్పేవాళ్ళు సందుకొకరున్నారు. ఈమె అడిగింది చేసిన పనికి అవునని చెప్పమని మాత్రమే.

నేను కూడా గదిలోనే ఉన్నాను. అచ్యుతరావుగారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. పంచాంగం తియ్యలేదు. అప్పుడు ఫాల్గుణం, వంక పెట్టడానికేమీ దొరకలేదు.

“నువ్వూ, ఆ పరజా నాకు రెండు కళ్ళమ్మా,” అన్నారు చివరికి. “ఒక కన్ను పోయినా ఇంకో కంటితో చూస్తాను. అది ఉంటుంది కదా. వెళ్ళిరా. ఫోన్ రానీ, నిండుగా చెబుతాను.”

వసుమతి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. బయటికి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను డాబా మీదికి రమ్మంది. పొద్దు వాలుతోంది, కింద రోడ్డు మీద సిటీ బస్సుల హారన్లు. ఆమె పరజను ఒడిసి పట్టుకుని, ఒక రెక్క విప్పి చూపించింది. తరవాత రెండోది. పొడుగ్గా, కొత్తగా, ఒక్కటి కూడా విరగకుండా ఉన్నాయి.

“వారం రోజులుగా గట్టు మీద నిలబడి రెక్కలు కొట్టుకుంటోంది మాస్టారూ. పాదాలు లేస్తున్నాయి. ఇవి నేలమీద పరుగెత్తక్కర్లేదు. నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేస్తాయి. ఇవాళో రేపో దీనికే తెలిసిపోతుంది.”

కౌంటర్లో ఉండే కత్తెర ఆమె ఒళ్ళోనే ఉంది. అప్పుడు చూశాను.

“కోసెయ్,” అన్నాను.

ఇదీ నా సలహా. ఇప్పటికీ అదే అంటాను. అది బాతు. వడ్లు వేస్తే తింటుంది, వచ్చే ఆషాఢానికి దానికి మళ్ళీ రెక్కలొస్తాయి. నీకు వచ్చే ఆషాఢానికి ఏమొస్తుంది? పంచాంగం వస్తుంది. ఇదంతా గట్టిగానే చెప్పాను.

ఆమె ఈకల మొదట్లో వేలితో నిమిరింది.

“కోస్తే దీనికి నొప్పి ఉండదట మాస్టారూ. మన గోళ్ళలాగేనట. రక్తం రాదు. కోసిన సంగతి కూడా తెలియదు, ఎగరబోయినప్పుడే తెలుస్తుంది.” విప్పిన రెక్కను ముడిచింది. “నన్ను కూడా ఇక్కడ ఎవరూ నొప్పించలేదు. ఒక్క మాట అనలేదు. అందుకే నా చేత్తో ఇది చెయ్యలేకపోతున్నాను.”

“అయితే దస్తగిరికి ఇవ్వు, అతను కోస్తాడు.”

“అతనికిస్తే నేను కోసినట్టు కాదా?” అంది. పరజను నీళ్ళలో వదిలి, కత్తెర తీసుకెళ్ళి కౌంటర్లో పెట్టేసింది. నాకు కోపం వచ్చి క్లాసుకు వెళ్ళిపోయాను. మంచితనం కూడా ఒక రోగమే, దానికి మందు లేదు.

నాలుగో రోజు సాయంత్రం, బ్యాచి మారే వేళ, పిల్లలంతా డాబా మీద టీ తాగుతున్నారు. పరజ తొట్టి మధ్యలో నిలబడి తల పైకీ కిందికీ ఊపింది. ఆ ఊపు వసుమతి ఎరుగును. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. మరుక్షణం నీళ్ళు ఎగజిమ్మి అది నిలువుగా లేచింది. పిల్లల తలల మీదుగా, పక్క మేడ తీగల మీద ఆరేసిన లుంగీలు దాటి పైకి వెళ్ళింది. ఒక చుట్టు తిరిగింది. అందరూ తలలెత్తి చూశారు. వసుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమెకు ఆ నిమిషంలో సంతోషమే కలిగింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. తరవాత అది హుస్సేన్‌సాగర్ వైపు తిరిగి, ప్రకటన బోర్డుల వెనక కనబడకుండా పోయింది.

“అరె, ఒక రెక్క లేకుంటనే ఎట్ల ఎగిరింది సార్?” అన్నాడు దస్తగిరి.

అచ్యుతరావుగారు కేకలెయ్యలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. ఖాళీ తొట్టి దగ్గర కుర్చీ వేయించుకుని చీకటి పడేదాకా కూర్చున్నారు. వసుమతి మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి, గ్లాసు ఇస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“పోనీలే. నువ్వున్నావు కదమ్మా,” అన్నారు.

రెండు రోజుల తరవాత పొద్దున బెంగళూరు ఫోన్ వచ్చింది. ఆయన గదిలో స్పీకర్ ఫోన్. ఆయన అందులోనే మాట్లాడతారు, చెవి కాస్త తక్కువ. సిలబస్ కాగితాలమీద సంతకానికి వెళ్ళి నేనక్కడే ఉన్నాను. వసుమతి గుమ్మంలో నిలబడింది.

వసుమతి మీ సంస్థలో టెస్టింగ్ ట్రైనరా అని అవతలి అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది.

అచ్యుతరావుగారు గుమ్మంవైపు చూశారు. కళ్ళు చెమర్చాయి. ఆయన అబద్ధం ఆడతారేమోనని భయపడ్డాను. అబద్ధం ఆడి ఉంటే ఆయన్ను తిట్టడానికైనా వీలుండేది.

“వసుమతి మా లక్ష్మండీ,” అన్నారు. “కౌంటర్లో ఉంటుంది. మా దగ్గర ఫీజు కట్టడానికి ఆ అమ్మాయి చెయ్యే కావాలంటారు జనం. ఆ చేతి చలవ వల్లే ఇన్ని ప్లేస్‌మెంట్లు. ఇలాంటి మనిషి మీకు దొరకదు.”

“టెస్టింగ్ క్లాసులు చెబుతుందా సార్?” అంది ఆ అమ్మాయి, ఈసారి తెలుగులో.

“అప్పుడప్పుడు చెబుతుంది లెండి. కానీ ఆమె అసలు పని అది కాదండీ.”

అవతల కంప్యూటర్ మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. థాంక్యూ సార్ అని పెట్టేశారు. నేను ఫోన్ తీసి మళ్ళీ చెయ్యబోయాను. వచ్చిన నంబరు ఫోన్లో పడలేదు. వసుమతి మధ్యాహ్నం తానే చేసింది. వెరిఫికేషన్ అయిపోయిందండీ అన్నారట. అచ్యుతరావుగారు మాత్రం నన్ను పిలిచి, “బాగానే చెప్పాను కదయ్యా?” అని అడిగారు. ఆయన నిజంగానే అడిగారు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఆమెను పట్టుకుని, “కోసెయ్యమన్నానా లేదా?” అన్నాను.

“అన్నారు,” అంది. “కోసుంటే బాగుండేదని నాకూ అనిపిస్తోంది మాస్టారూ. ఈ మాట రేపు ఇంకెవరిముందూ అనకండి.” కొంగుతో ముఖం తుడుచుకుని యూసుఫ్‌గూడ బస్సు కోసం వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా సిద్ధాంతి మళ్ళీ వచ్చాడు. ఈశాన్యం ఖాళీగా ఉండకూడదన్నాడు. తొట్టి పగలగొట్టించి, పైన రేకులు వేయించి, మూడు వైపులా గోడ లేపారు. నగదు ఉండే చోటు కాబట్టి ముందు గ్రిల్లు పెట్టారు, చెయ్యి పట్టేంత సందు వదిలి. ఫీజు కౌంటర్‌ను అక్కడికి మార్చారు. ఉగాదినాడు కొబ్బరికాయ కొట్టి, అరుణాదేవిగారు స్వయంగా వసుమతికి బొట్టుపెట్టి, కొత్త కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ ఏడు కంపెనీలు తండోపతండాలుగా పిల్లలను తీసుకుంటున్నాయి. ఉగాది ఉదయంనుంచే వరస మెట్లు దిగి, ఇడ్లీ బండి దాకా వెళ్ళింది. గ్రిల్లులోంచి చేతులు వస్తూనే ఉన్నాయి, వసుమతి రసీదులు రాస్తూనే ఉంది. మా సంస్థ పుట్టాక అన్ని అడ్మిషన్లు ఎన్నడూ కాలేదు. సాయంత్రం అచ్యుతరావుగారు అందరికీ మిఠాయి పంచారు. మొదటి లడ్డూ గ్రిల్లు సందులోంచి ఆమెకే ఇచ్చారు. ఆమె తీసుకుని తిన్నది.